అమెరికా హైవే అలవాటుతో జర్మనీ హైవే, అంటే ఆటోబాన్ ఎక్కాను. అనుభవం ఉన్నవాళ్లు కాస్త చెప్పండి

పాలపిట్ట (స్టుట్‌గార్ట్)
అందరికీ నమస్కారం. తొమ్మిదేళ్లు డాలస్‌లో ఉండి, ఉద్యోగం మారి రెండు నెలల క్రితం స్టుట్‌గార్ట్ వచ్చాం. నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు. టెక్సస్ లైసెన్స్ కాబట్టి పరీక్ష ఏమీ లేకుండానే జర్మనీ లైసెన్స్‌గా మార్చి ఇచ్చారు. ఐ-35 హైవే మీద రోజూ ఆఫీసుకి వెళ్లొచ్చినవాణ్ణి కదా, ఇదీ రోడ్డే, అదీ రోడ్డే అనుకున్నాను.

మొన్న శనివారం ఏ8 మీద మ్యూనిక్ బయల్దేరాం. ఉల్మ్ దాటాక ఓ చోట గుండ్రటి తెల్ల బోర్డు, దాని మీద ఏటవాలుగా నల్ల గీతలు. పరిమితులన్నీ ఎత్తేశారని అర్థం. నేను 130 కిలోమీటర్ల వేగంలో ఉన్నా. లారీని దాటడానికి ఎడమ లేన్‌లోకి వచ్చి, దాటాక కూడా డాలస్‌లో లాగే అక్కడే ఉండిపోయా. అద్దంలో ఎవరూ లేరు. పిల్లాడు నీళ్లు అడిగితే మా ఆవిడ బాటిల్ అందిస్తోంది, మళ్లీ అద్దంలోకి చూసేసరికి వెనక అద్దం నిండా తెల్ల లైట్లు. కంగారులో కుడికి తిప్పబోతే అక్కడ ఇంకో కారు. చేతులు చల్లబడిపోయాయి. తిరుగు ప్రయాణంలోనూ ఇంచుమించు ఇలాంటిదే ఇంకోటి జరిగింది.

పిల్లల్ని వెనక కూర్చోబెట్టుకుని ఈ రోడ్డు ఎక్కాలంటే ఇప్పుడు భయంగా ఉంది. నా తప్పు ఎక్కడుందో, ఏం మార్చుకోవాలో చెప్పండి.

నెకార్ ఒడ్డు (హైల్‌బ్రాన్)
పాలపిట్ట గారూ, ముందు పిల్లలు క్షేమం, అది చాలు. ఇక్కడ నాకు పన్నెండేళ్లు. వచ్చిన కొత్తలో నాకూ ఇదే అయింది కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

ఆటోబాన్‌లో కుడి లేన్ ఇల్లు. ఎడమ లేన్ పని మీద వెళ్లి, పని కాగానే తిరిగొచ్చేసే చోటు. ఇది మర్యాద కోసం చెప్పే మాట కాదు, చట్టం. కుడి పక్క నుంచి దాటితే ఊరి బయట 100 యూరోల జరిమానా, లైసెన్స్ మీద ఒక పాయింట్. ట్రాఫిక్ నత్తనడకలో ఉన్నప్పుడు మాత్రం కుడి వరుస కాస్త ముందుకు సాగితే ఏమీ అనరు. వెనక నుంచి వచ్చేవాడు కుడి నుంచి దాటలేడు కాబట్టి, మీరు ఎడమలో ఉండిపోతే అతనికి దారే లేదు. డాలస్‌లో అయితే మీ పక్క నుంచి ఎటైనా తిరిగి వెళ్లిపోయేవాడు, మీకు తెలిసేది కూడా కాదు.

రెండోది అద్దం. ఇక్కడ ఒక లెక్క వేసి చూడండి. డాలస్‌లో మీరు 70 మైళ్లలో ఉంటే వెనకవాడు 80లో వస్తాడు. సెకనుకు నాలుగున్నర మీటర్లు దగ్గరవుతాడు. ఇక్కడ మీరు 130 కిలోమీటర్లలో ఉన్నారు, వెనకాయన 220. తేడా 90. సెకనుకు 25 మీటర్లు. 250 మీటర్ల వెనక చుక్కలా కనిపించినవాడు పది సెకన్లలో మీ డిక్కీ దగ్గరుంటాడు. బాబుకి నీళ్ల బాటిల్ అందించేంతసేపు! మీరు చూడకపోవడం కాదు, ఒక్కసారే చూశారు. ఎడమకి వచ్చేముందు రెండుసార్లు చూడాలి. మొదటి చూపుకీ రెండో చూపుకీ మధ్య ఆ లైట్లు ఎంత పెద్దవయ్యాయన్నదే అతని వేగం.

లైటు కొట్టినందుకు బాధపడకండి. ఊరి బయట, దాటబోతున్నానని చెప్పడానికి ఒకసారి లైటు వేయడాన్ని ఇక్కడి చట్టమే ఒప్పుకుంటుంది. కానీ వెనక అతుక్కుని అదేపనిగా లైట్లు కొట్టడం మాత్రం బెదిరింపు కిందికి వస్తుంది, కేసు కూడా పెట్టొచ్చు. వంతెనల మీద కెమెరాలు పెట్టి కార్ల మధ్య దూరం కొలుస్తారు. 100 దాటిన వేగంలో ఉండాల్సిన దూరంలో పదింట మూడు వంతులు కూడా లేకపోతే 160 యూరోలు, రెండు పాయింట్లు, నెల రోజులు బండి ముట్టుకోకూడదు. ఎనిమిది పాయింట్లు చేరితే లైసెన్సే పోతుంది.

ఓరుగల్లు (ఫ్రాంక్‌ఫర్ట్)
అన్నా, మస్తు మంచి ప్రశ్న అడిగినవ్. నేనైతే ఇండియా లైసెన్స్‌తోని వచ్చిన. ఆరు నెలలే చెల్లుతది, తర్వాత రాత పరీక్ష, బండి పరీక్ష రెండూ రాయాలె. గందుకే నేను డ్రైవింగ్ స్కూల్ల చేరిన. అప్పుడు పైసలు పోతున్నయని ఏడుపొచ్చింది గానీ ఇప్పుడు అనిపిస్తది, అది లేకపోతే నేను ఈ రోడ్డు మీద బతికేటోన్ని కాదు అని. ఇక్కడి పోరలు కొత్తగా నేర్చుకున్నప్పుడు మామూలు క్లాసులు కాక 12 ప్రత్యేకమైన డ్రైవింగ్ పాఠాలు తప్పకుండ చెయ్యాలె. ఐదు ఊరి బయటి రోడ్ల మీద, నాలుగు ఆటోబాన్ మీద, మూడు రాత్రి పూట. నీకు పరీక్ష లేకుండ లైసెన్స్ ఇచ్చిన్రు చూడు, అదే నీకు నష్టమైంది. టెక్సస్‌ల 25 దాటినోళ్లకు కోర్సే తప్పనిసరి కాదు కద.

నా సలహా: ఒక్క రెండు గంటలు డ్రైవింగ్ స్కూల్ మాస్టర్‌ను పక్కన కూసోవెట్టుకొని ఆటోబాన్ మీద తిరుగు. అడిగితే వస్తరు. ఇంకొకటి, మొదట్ల ఆదివారం పొద్దుగాల వో. ఆదివారం రాత్రి పదింటి దాక ఏడున్నర టన్నులు దాటిన లారీలు తిరుగొద్దని రూలున్నది. కుడి లేన్ ఖాళీగ ఉంటది. మామూలు రోజుల్ల లారీలకు 80 పరిమితి, ఒకడు 80ల, ఇంకొకడు 82ల, రెండోవాడు మొదటోన్ని దాటనీకి కిలోమీటర్లకు కిలోమీటర్లు పక్కపక్కనే పోతుంటరు. దీన్ని ఇక్కడోళ్లు ఏనుగుల పందెం అంటరు. అది ముందట కనవడంగనే ఎడమ లేన్ల 200ల వచ్చేటోడు సడన్‌గ బ్రేకు కొడతడు. ప్రమాదం గక్కడ ఉంటది.

టొరంటో మంచు (మిస్సిసాగా)
నేను జర్మనీలో ఉండను, కానీ పనిమీద మూడుసార్లు వచ్చి అద్దె కారు నడిపాను. ఒక్క మాట అనాలనిపించి రాస్తున్నాను. ఇక్కడ చదువుతుంటే అమెరికా, కెనడా వాళ్లకి డ్రైవింగే రాదన్నట్టుంది. మా 401 హైవే టొరంటో మధ్యలో కొన్నిచోట్ల రెండు వైపులా కలిపి 18 లేన్లు. మధ్యలో దూరం వెళ్లేవాళ్ల లేన్లు, పక్కన ఎగ్జిట్లకి దిగేవాళ్ల లేన్లు విడివిడిగా ఉంటాయి. అంత వెడల్పు రోడ్డు మీద కుడి లేనే ఇల్లు అంటే జరగదండి. రెండు పక్కల నుంచీ దాటుతారు కాబట్టి రెండు భుజాల మీదుగా వెనక్కి చూడటం మాకు అలవాటు. పరిమితి 100, అందరూ 115 నుంచి 120లో కలిసి పోతుంటారు. నది పారినట్టు. ఆ పారుదలలో ఒక రకమైన నిమ్మళం ఉంది. ఆటోబాన్‌లో నాకు అదే కరువైంది. నాలుగు గంటలు నడిపితే మెడ పట్టేసింది.

ఇంత శిక్షణ, ఇంత నియమం అవసరమయ్యేదే ఆ వేగం వల్ల కదా? 130కి ఆపేస్తే ఈ చర్చే ఉండదు.

కొండపల్లి బొమ్మ (స్టుట్‌గార్ట్ దగ్గర)
టొరంటో మంచు గారితో నేను ఏకీభవిస్తాను. నేను కార్ల బ్రేకుల పరీక్ష విభాగంలో పనిచేస్తాను, కంపెనీ పేరు వద్దులెండి. మా ఆఫీసులో అందరూ కార్లంటే ప్రాణం పెట్టేవాళ్లే, నేనూ అంతే. అయినా లెక్క లెక్కే.

డ్రైవింగ్ స్కూల్లో చెప్పే సూత్రం ఇది. వేగాన్ని పదితో భాగించి మూడుతో హెచ్చిస్తే, మనిషి కాలు బ్రేకు మీదికి వెళ్లేలోగా బండి పోయే దూరం. వేగాన్ని పదితో భాగించి దాన్ని దానితోనే హెచ్చిస్తే, మామూలు బ్రేకుకి ఆగే దూరం. 100లో ఉంటే 30 ప్లస్ 100, మొత్తం 130 మీటర్లు. 130లో 39 ప్లస్ 169, అంటే 208. 200లో 60 ప్లస్ 400, అంటే 460 మీటర్లు. గట్టిగా తొక్కితే బ్రేకు దూరం సగానికి తగ్గుతుంది, సరే. అయినా వేగం రెట్టింపైతే బ్రేకు దూరం నాలుగింతలన్నది మాత్రం ఏ కంపెనీ బ్రేకూ మార్చలేదు. రాత్రి పూట మామూలు హెడ్‌లైట్ల వెలుగు 460 మీటర్లు పడదు. కనిపించినంత దూరంలో ఆగగలిగే వేగంలోనే నడపాలని చట్టం చెప్తోంది, పరిమితి లేని చోట కూడా.

పాలపిట్ట గారూ, మీకు పనికొచ్చే చిన్న కిటుకు. రోడ్డు పక్కన నల్ల చార ఉన్న తెల్లటి పొట్టి స్తంభాలు చూశారా? ఒక్కోటి 50 మీటర్లకి ఒకటి. ముందు బండికి మీకు మధ్య, మీటర్‌లో చూపించే వేగంలో సగం మీటర్లు ఉండాలన్నది ఇక్కడి నియమం. 100లో పోతుంటే ఒక స్తంభం దూరం. 150లో ఒకటిన్నర. రెండు రోజులు లెక్కపెట్టండి, ఆ తర్వాత కన్నే చెప్పేస్తుంది.

రోడ్డు పని జరిగే చోట్ల ఇంకో సంగతి. ఎడమ లేన్ సన్నగా చేసి, రెండు మీటర్లు, లేదా రెండు పాయింట్ ఒకటి లోపు బండ్లు మాత్రమే అని బోర్డు పెడతారు. అది పక్క అద్దాలతో కలిపి. బండి కాగితాల్లో రాసిన వెడల్పు అద్దాలు లేకుండా. ఇప్పటి కార్లు చాలావరకు అద్దాలతో కలిపితే రెండు మీటర్లు దాటిపోతాయి. అక్కడ కుడిలోనే ఉండండి.

నెకార్ ఒడ్డు
కొండపల్లి బొమ్మ గారి లెక్క కాదనను. కానీ పరిమితి లేదంటే ఎవరికి తోచినట్టు వాళ్లు పోవడం అని చాలామంది అనుకుంటారు. 1978 నుంచీ 130 సిఫారసు వేగం. దాన్ని దాటి పోతూ ప్రమాదంలో చిక్కుకుంటే, తప్పు అవతలివాడిదైనా మీ మీద కొంత భాగం వేయొచ్చని పెద్ద కోర్టు ఏనాడో తేల్చింది. పైగా మొత్తం ఆటోబాన్ 13 వేల కిలోమీటర్ల పైచిలుకు. అందులో శాశ్వత పరిమితి లేనిది 70 శాతం దాకా. ఆ 70 శాతంలోనూ వాన, రద్దీ, మరమ్మతులు పోను, 200లో పోయే చోటు చాలా తక్కువ.

1973 చమురు సంక్షోభం అప్పుడు నాలుగు నెలలు 100 పరిమితి పెట్టి, 1974 మార్చిలో ఎత్తేశారు. అమెరికాలో అదే సంక్షోభం వల్ల 1974లో దేశమంతా 55 మైళ్లు పెట్టారు, అది పూర్తిగా పోయింది 1995లో. ఒకే కష్టం, రెండు దేశాలు రెండు దారులు పట్టాయి. ఆ తర్వాత మోంటానా రాష్ట్రంలో దాదాపు మూడున్నరేళ్లపాటు పగటిపూట అంకె లేకుండా, సబబైన వేగం అని మాత్రమే ఉండేది. ఇప్పుడు అమెరికాలో అన్నిటికంటే ఎక్కువ టెక్సస్‌లోనే, ఆస్టిన్ పక్కన టోల్ రోడ్డు మీద, 85 మైళ్లు. అంటే 137 కిలోమీటర్లు. మీ రాష్ట్రం ఇక్కడి సిఫారసు వేగాన్ని దాటేసింది పాలపిట్ట గారూ.

ఐసెన్‌హోవర్ యుద్ధ సమయంలో ఈ రోడ్లను చూసి వెళ్లి, అమెరికా అధ్యక్షుడయ్యాక 1956 చట్టంతో ఇంటర్‌స్టేట్ హైవేలు కట్టించారు. నంబర్లు కూడా రెండు చోట్లా బేసి అంటే ఉత్తర దక్షిణాలు, సరి అంటే తూర్పు పడమరలు. రోడ్డు అక్కడికి వెళ్లింది, లేన్ నియమం వెళ్లలేదు. నా బాధ అది. అక్కడి చాలా రాష్ట్రాల్లో కూడా ఎడమ లేన్ దాటడానికే అని బోర్డులుంటాయి. పట్టించుకునేవాళ్లే లేరు.

టొరంటో మంచు
చరిత్ర బాగుంది గానీ, నెకార్ ఒడ్డు గారూ, నా ప్రశ్న అలాగే ఉంది.

నెకార్ ఒడ్డు
సరే, సూటిగా చెప్తాను. 2022లో అమెరికా రోడ్లన్నిటి మీదా కలిపి చనిపోయినవాళ్లు 42 వేలు దాటారు. జర్మనీలో 2,788. జనాభా అమెరికాలో నాలుగో వంతు. వేగమొక్కటే మనుషుల్ని చంపేదైతే ఈ లెక్క తిరగబడాలి.

కొండపల్లి బొమ్మ
ఆ పోలిక కొంచెం చూసుకుని చెయ్యాలండి. అది అన్ని రోడ్ల లెక్క. అమెరికాలో మనిషి ఏడాదికి తిరిగే దూరం కూడా ఎక్కువ. జర్మనీలో ఎక్కువమంది చనిపోయేది ఆటోబాన్ మీద కాదు, ఊళ్ల మధ్య చెట్ల వరుసలున్న రెండు లేన్ల రోడ్ల మీద. అక్కడ 100 పరిమితి ఉంది, ఎదురుగా బండ్లూ వస్తాయి. ఆటోబాన్‌లో ఎదురు బండి లేదు, సిగ్నల్ లేదు, నడిచేవాళ్లు లేరు. క్షేమంగా ఉందంటే కారణం అది. పరిమితి లేకపోవడం కాదు. పెడితే ఇంకా కొందరు బతుకుతారు అన్నదే నా మాట. ఈ విషయంలో మనిద్దరం ఒప్పుకోం, పర్లేదు.

గోదారిగాలి (న్యూరెంబర్గ్)
మీ పెద్ద లెక్కల మధ్యలో ఇంటి సంగతులు రెండు చెప్తానండి. పాలపిట్ట గారి ఆవిడకి చూపించండి. అమెరికాలో హైవే పక్కన రెస్ట్ ఏరియాలు ఉచితం కదా, ఇక్కడ పెట్రోల్ బంకులున్న పెద్ద ఆగుచోట్లలో చాలావరకు టాయిలెట్‌కి ఒక యూరో, దానికి కూపన్ ఇస్తారు. పిల్లలకి చిన్న గేటు ఉంటుంది, డబ్బులక్కర్లేదు. పెట్రోలు కూడా ఆటోబాన్ మీద బాగా ఖరీదు. ఎగ్జిట్ దిగి ఐదు నిమిషాలు పోతే చవక. కానీ చవక కోసం చూస్తూ ట్యాంకు ఎండబెట్టుకోకండి, పెట్రోలు అయిపోయి ఆటోబాన్ మీద ఆగిపోతే అది కూడా తప్పు కిందే లెక్క, జరిమానా వేస్తారు. త్రిభుజం బోర్డు, మెరిసే పసుపు కోటు, మందుల పెట్టె బండిలో ఉండి తీరాలి. కోటు చట్టం ప్రకారం ఒకటి చాలు గానీ మీరు నలుగురికీ నాలుగు కొనండి. డిక్కీలో కాదు, సీటు కింద పెట్టుకోండి.

రేడియోలో తప్పుడు దారిలో ఎదురొస్తున్న బండి గురించి చెప్తే, పాట మధ్యలో ఆపి మరీ చెప్తారు. ఆ రోడ్డు నంబరు మీదే అయితే కుడి లేన్‌లోకి వచ్చి, ఎవర్నీ దాటకుండా మెల్లగా పొండి.

ఓరుగల్లు
వదినా, మంచిగ చెప్పినవ్. నేను ఇంకొకటి చెప్త, ఇది అన్నిటికంటే ముఖ్యం.

పోయిన ఏడాది ఏ3 మీద వస్తున్న. ముందట వాహనాలన్నీ ప్రమాదం లైట్లు వేసిన్రు, నేను గూడ వేసిన. జామ్ తోక కనవడంగనే నాలుగు లైట్లు వేసి వెనకోనికి చెప్పాలె. ఇంక బండ్లు పూర్తిగ ఆగలేదు, నడిచే వేగంల ఉన్నయి. అప్పుడే ఎడమ లేన్‌వాళ్లంత ఎడమ అంచుకు, మిగిలిన రెండు లేన్లవాళ్లు కుడికి జరిగిన్రు. ఎవ్వలు చెప్పలే, ఎవ్వలు హారన్ కొట్టలే. నడిమిట్ల ఒక గల్లీ తయారైంది. రెండు మూడు నిమిషాలకు అంబులెన్స్, దాని వెనక ఫైరింజన్, ఆ గల్లీల నుంచి ఆగకుండ పోయినయి. ముందట లారీ గుద్దుకున్నదట. నా కండ్లల్ల నీళ్లు తిరిగినయి అన్నా. మా నాయనను వరంగల్‌కెళ్లి హైదరాబాద్ దవాఖానకు తీస్కవోయిన రాత్రి, ఉప్పల్ కాడ అంబులెన్స్ కదలక నిలవడ్డది నాకు యాదికొచ్చింది.

దీన్ని రెటుంగ్స్‌గాసే అంటరు, ప్రాణం కాపాడే సందు అన్నట్టు. గుర్తు పెట్టుకునేటందుకు కుడి చెయ్యి బోర్లించి చూడు. బొటనవేలు ఎడమ లేన్, మిగిలిన వేళ్లు మిగిలిన లేన్లు. సందు బొటనవేలుకు చూపుడు వేలుకు నడిమిట్ల. బండ్లు ఆగినంక కాదు, మెల్లగైతుండంగనే చెయ్యాలె. చెయ్యకపోతే 200 యూరోలు, రెండు పాయింట్లు, నెల రోజులు లైసెన్స్ బంద్. అమెరికాల సైరన్ వినవడితే కుడికి జరిగి ఆగుతరు కద, గదే అలవాటుతోని ఎడమ లేన్లకెళ్లి కుడికి రావొద్దు, సందు మూసుకపోతది.

టొరంటో మంచు
ఓరుగల్లు తమ్ముడూ, మీ నాన్నగారు ఇప్పుడెలా ఉన్నారు? మా దగ్గర అంబులెన్సులు లేన్ల పక్కనున్న ఖాళీ అంచు, అదే షోల్డర్, మీద నుంచి వెళ్తాయి, అక్కడ ఓ బండి చెడిపోయి ఆగి ఉంటే అంతే సంగతులు. సైరన్ వినబడక ముందే దారివ్వడం అన్నది నిజంగా గొప్ప విషయం. వేగం గురించి నా మాట మార్చుకోను, కానీ ఇది మాత్రం మా దేశానికి రావాలని మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను.

ఓరుగల్లు
మంచిగున్నడు అన్నా. పొలం కాడికి పోతున్నడు మళ్ల.

పాలపిట్ట
అందరికీ చేతులెత్తి నమస్కారం. నెల రోజులయింది, చేసినవి చెప్తాను. ఓరుగల్లు గారు చెప్పినట్టు ఓ మాస్టర్ గారితో రెండు గంటలు తిరిగాను. ఆయన మొదటి పావుగంట నన్ను నడపనివ్వకుండా తను నడుపుతూ, అద్దంలోకి చూసిన ప్రతిసారీ నోటితో చెప్పారు. నేను లెక్కపెట్టాను, లారీ దాటే ఒక్క పనికి ఐదుసార్లు చూశారు. నేనెన్నడూ రెండు దాటలేదు. తర్వాత మూడు ఆదివారాలు పొద్దున్నే వెళ్లాం. స్తంభాలు లెక్కపెడుతూ 120లో కుడి లేన్‌లో వెళ్తుంటే, ఎడమ నుంచి పోయేవాడు 200లో పోయినా నాకు సంబంధం లేదని తెలిసింది. భయం అక్కడ తగ్గింది. నేను దారిలో లేను కదా, వాడు పోనీ.

నిన్న సాయంత్రం ఉల్మ్ దగ్గర జామ్. మెల్లగవుతుండగానే ఎడమ అంచుకి జరిగాను. మా పాప వెనక సీట్లో చెయ్యి బోర్లించి, బొటనవేలు విడిగా చాపి, నేను సరిగ్గా జరిగానా లేదా అని చూసుకుంటోంది. వారం క్రితం నేర్పించాను. మా పక్క నుంచి అంబులెన్స్ వెళ్లింది. కారు కొద్దిగా ఊగింది, అంత దగ్గర.

ఇంకొక్కటి అడగాలి. డాలస్‌లో ఏడాదంతా ఒకే టైర్లు. ఇక్కడ చలికాలానికి వేరే కొనాలంటున్నారు, తప్పదా?

కొండపల్లి బొమ్మ
తప్పదండి. తేదీ ప్రకారం కాదు గానీ, రోడ్డు మీద మంచు, గడ్డకట్టిన నీరు ఉంటే ఆ టైర్లు లేకుండా నడపకూడదు. అక్టోబరు నుంచి ఈస్టర్ దాకా అని గుర్తుపెట్టుకోండి. టైరు పక్కన మూడు శిఖరాల కొండ, మధ్యలో మంచు పువ్వు గుర్తు ఉండాలి. మీ కారు పోగలిగే వేగం కంటే ఆ టైరు వేగం తక్కువైతే, ఆ అంకె ఉన్న స్టిక్కర్ మీకు కనిపించేలా డాష్‌బోర్డు మీద అంటించాలి. సెప్టెంబర్ ఆఖర్లోనే షాపులో సమయం తీసుకోండి, అక్టోబరులో దొరకదు. విప్పిన టైర్లు సెల్లార్‌లో పెట్టేముందు ఏది ముందు ఎడమదో, ఏది వెనక కుడిదో చాక్‌పీసుతో రాసిపెట్టుకోండి.